వైరస్ హెచ్చరికలో ఫోన్ నంబరు ఎందుకు ఉంటుంది?

ఇంటర్నెట్‌లో ఏదో చదువుతూనో, సినిమా కోసం వెతుకుతూనో ఉండగా ఉన్నట్టుండి తెర నిండా నీలమో ఎరుపో పరచుకుంటుంది. పైన మైక్రోసాఫ్ట్ ముద్ర, దాని కింద ‘విండోస్ డిఫెండర్ సెక్యూరిటీ సెంటర్’ అన్న పేరు, మధ్యలో ఒకదాని మీద ఒకటి పడినట్టు నాలుగైదు హెచ్చరిక పెట్టెలు కనిపిస్తాయి. స్పీకర్లలోంచి సైరన్ మోగుతుంది. లేదా ఒక ఆడగొంతు ఇంగ్లిషులో మీ బ్యాంకు వివరాలు, ఫొటోలు, పాస్‌వర్డులు దొంగల చేతికి చేరుతున్నాయని, కంప్యూటర్‌ను ఆపితే ఉన్నదంతా పోతుందని పదే పదే చెబుతుంది. మూసేద్దామంటే మూసే గుర్తు ఎక్కడా ఉండదు. కొన్నిసార్లు మౌస్ బాణం కూడా మాయమవుతుంది. స్పష్టంగా కనిపించేది పెద్ద అంకెల్లో ఒక టోల్‌ఫ్రీ నంబరు, వెంటనే దానికి ఫోన్ చేయమన్న ఆదేశం.

నేను ఒక కార్యాలయంలో కంప్యూటర్ల బాగోగులు చూసే ఉద్యోగిని. బంధువుల్లో గానీ మా వీధిలో గానీ ఎవరి కంప్యూటర్ మొరాయించినా కబురు నాకే వస్తుంది కనుక, ఈ తెరను రకరకాల వేషాల్లో చూశాను. చూసినకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఒకటుంది: ఆ తెర మీద నిజంగా పనిచేసేది ఫోన్ నంబరు ఒక్కటే. సైరన్, ముద్ర, వైరస్ పేర్లు, ఎర్రరంగు అన్నీ ఎదుటి మనిషి చేత ఆ నంబరు నొక్కించడానికి చేసిన ఏర్పాట్లు. నంబరు నొక్కనంతవరకు మోసగాడి చేతికి దాదాపు ఏమీ అందదు. తమ సంస్థ పంపే అసలైన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎన్నడూ ఉండదని మైక్రోసాఫ్ట్ ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉంది. నకిలీని పట్టుకోవడానికి ఇంతకు మించిన గుర్తు నాకు తెలిసి లేదు. అక్షరదోషాలు చూడండి, ముద్ర సరిగ్గా ఉందో లేదో గమనించండి అని చాలామంది చెప్పే సలహాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, ఎందుకంటే ఇప్పటి నకిలీ తెరల్లో భాషా బాగుంటోంది, ముద్రలూ అచ్చుగుద్దినట్టు ఉంటున్నాయి.

వెబ్‌పేజీ బ్రౌజర్ గీసిన గిరి లోపలే తిరుగుతుంది. మన హార్డ్ డిస్క్‌లో ఏ ఫైళ్లు ఉన్నాయో తనంతట తాను చూసే అధికారం దానికి లేదు. కాబట్టి వైరస్‌ను వెతకడం, కనిపెట్టడం దాని వల్ల అయ్యే పని కాదు. ‘స్కాన్ జరుగుతోంది’ అంటూ ముందుకు జరిగే గీత ముందే తయారుచేసి పెట్టుకున్న బొమ్మ. అదే పేజీ ఆపిల్ కంప్యూటర్‌లో తెరుచుకున్నప్పుడు అక్కడ లేని ‘సి’ డ్రైవ్‌ను స్కాన్ చేసినట్టు చూపించడం, ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరుచుకుని ‘మీ విండోస్ ప్రమాదంలో ఉంది’ అని కంగారుపెట్టడం కూడా జరుగుతుంటుంది. ఇక చాలామందిని నిజంగా భయపెట్టేది, తమ ఐపీ అడ్రసు (ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య), ఊరి పేరు, ఇంటర్నెట్ సంస్థ పేరు తెర మీద కనిపించడం. ‘మా ఊరు కూడా చెప్పేసిందండీ’ అని వణికినవారు ఉన్నారు. ఐపీ అడ్రసు మనం తెరిచే ప్రతి వెబ్‌సైటుకూ తెలుస్తుంది, అది తెలియకపోతే పేజీని మనకు పంపడమే కుదరదు; మిగిలిన రెండూ ఆ అడ్రసును బట్టి లెక్కగట్టినవే. అందుకే తెనాలిలో కూర్చున్నవారికి హైదరాబాదు అనో చెన్నై అనో చూపించడం కూడా మామూలే.

చిరునామా పట్టీ చూసి పోల్చుకోవచ్చా అంటే, కొంతవరకే. తాళం బొమ్మ ఉన్నంత మాత్రాన అది నిజాయితీ గల చోటు కాదు. మనకూ ఆ చోటుకూ మధ్య నడిచే సమాచారం గుప్తలిపిలో ఉందని మాత్రమే దాని అర్థం. పైగా ఈ ముఠాలు తమ పేజీలను మైక్రోసాఫ్ట్ వారు అద్దెకిచ్చే అజూర్ క్లౌడ్‌లోనే పెట్టిన సందర్భాలు అనేకం ఉన్నాయి. అప్పుడు చిరునామా చివర ‘విండోస్ డాట్ నెట్’ అనే కనిపిస్తుంది. చిరునామా చూసి జాగ్రత్తపడండి అని నేర్పినవారే ఆ చిరునామా చూసి నమ్మవలసి వస్తుంది.

తెర బిగుసుకుపోయినట్టు అనిపించడానికి కారణం బ్రౌజర్‌లో ఉన్న న్యాయమైన సదుపాయాలే. వీడియోలు చూడటానికి ఉద్దేశించిన పూర్తి తెర పద్ధతిని ఆ పేజీ వాడుకుంటుంది. ఆటల కోసం ఇచ్చిన వీలుతో మౌస్ బాణాన్ని దాచేస్తుంది, కొన్ని కీలను తన అధీనంలోకి తెచ్చుకుంటుంది. మూసిన ప్రతిసారీ మరో పెట్టె తెరిచేలా చిన్న ప్రోగ్రాము నడుపుతుంది. దీన్నుంచి బయటపడటం కష్టం కాదు. ముందుగా ఎస్కేప్ కీని రెండు మూడు క్షణాలు నొక్కి పట్టుకోవాలి. సాధారణంగా పూర్తి తెర పోయి ట్యాబులు బయటపడతాయి, ఆ ట్యాబును మూసేయవచ్చు. అలా కాకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కాలి. ఈ మూడు కీల కలయికను ఏ వెబ్‌పేజీ అడ్డుకోలేదు. వచ్చిన జాబితాలో టాస్క్ మేనేజర్ తెరిచి, బ్రౌజర్ పేరు మీద నొక్కి ‘ఎండ్ టాస్క్’ ఇవ్వాలి. ఆపిల్ కంప్యూటర్‌లో కమాండ్, ఆప్షన్, ఎస్కేప్ కలిపి నొక్కితే అలాంటి కిటికీయే వస్తుంది. ఏదీ తోచకపోతే పవర్ బటన్‌ను పది క్షణాలు నొక్కి పట్టుకుని కంప్యూటర్‌నే ఆపేయండి. సేవ్ చేయని పని ఏదైనా ఉంటే అది పోవచ్చు గానీ, తెర బెదిరించినట్టు డిస్క్ మీద ఉన్నదేదీ చెరిగిపోదు. బ్రౌజర్ మళ్లీ తెరిచినప్పుడు ‘పాత పేజీలను పునరుద్ధరించమంటారా’ అని అడుగుతుంది. అక్కడ ఒప్పుకుంటే అదే పేజీ మళ్లీ ప్రత్యక్షమవుతుంది, కాబట్టి వద్దనాలి.

బయటపడ్డాక కూడా అనుమానం పీకుతూ ఉంటే, స్టార్ట్ మెనూలో మీ చేత్తో ‘విండోస్ సెక్యూరిటీ’ అని టైపు చేసి తెరవండి. విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్, అంటే అసలైన డిఫెండర్, అక్కడే ఉంటుంది. అది నిజంగా ఏదైనా పట్టుకుని ఉంటే ‘ప్రొటెక్షన్ హిస్టరీ’లో తేదీతో సహా నమోదై ఉంటుంది. అక్కడ ఏమీ లేకపోతే తెర మీద చూసిన వైరస్‌లన్నీ ఆ తెరతోనే పోయాయన్నమాట. మనశ్శాంతి కోసం ఒక ఫుల్ స్కాన్ పెట్టుకోవచ్చు.

ఇదే మోసానికి మరో చిన్న రూపం ఉంది. అది తెరను ఆక్రమించదు, రోజూ కుడివైపు కింది మూలలో కనిపించి విసిగిస్తుంది. ‘మెకాఫీ గడువు ముగిసింది’, ‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు’ అంటూ గంటకోసారి వచ్చే ఆ చీటీలు చూసి యాంటీవైరస్‌నే అనుమానించేవారు, మార్చేసేవారు ఉన్నారు. అవి ఏ యాంటీవైరస్ పంపినవీ కావు. ఎప్పుడో ఒక వెబ్‌సైటు ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి’ అంటే నొక్కి ఉంటారు. ఆ ఒక్క నొక్కుతో ఆ సైటుకు నోటిఫికేషన్లు పంపే అనుమతి దక్కింది. చీటీని జాగ్రత్తగా చూస్తే చిన్న అక్షరాల్లో బ్రౌజర్ పేరు, ఏదో పరిచయం లేని సైటు పేరు ఉంటాయి. క్రోమ్ సెట్టింగుల్లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’, అందులో ‘సైట్ సెట్టింగ్స్’, అందులో ‘నోటిఫికేషన్స్’ తెరిచి అనుమతి పొందిన సైట్ల జాబితాలో తెలియనివన్నీ తీసేస్తే ఆ బెడద అక్కడితో తీరుతుంది. ఫోన్‌లోనూ దాదాపు ఇదే దారి.

ఈ వ్యాపారం మొదట ఫోన్ నంబరుతో మొదలు కాలేదు. 2000 తర్వాతి దశకంలో ‘విన్‌ఫిక్సర్’, ‘ఎక్స్‌పీ యాంటీవైరస్’ వంటి పేర్లతో నకిలీ యాంటీవైరస్ ప్రోగ్రాములు ఉండేవి. లేని వైరస్‌లను చూపించి, వాటిని తీసేందుకు కొన్ని డాలర్లు కార్డు మీద కట్టించుకునేవి. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లో వీటి వెనుక ఉన్న సంస్థ మీద కేసు వేసింది; 2012లో న్యాయస్థానం 16.3 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు ఇచ్చింది. సుమారుగా ఆ కాలంలోనే ‘మేం మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం’ అంటూ ఇళ్లకు ఫోన్లు చేసే పద్ధతి పెరిగింది. 2012 అక్టోబరులో ఆ కమిషనే అలాంటి ఆరు బృందాల మీద చర్యలు ప్రకటించింది; వాటిలో ఎక్కువ భాగం భారతదేశం నుంచి నడిచేవి. తెలియని నంబరు నుంచి వచ్చే ఫోన్‌ను జనం ఎత్తడం మానేశాక, ఫోన్ చేసే పనిని బాధితుడికే అప్పగించడం మోసగాళ్లకు లాభసాటి అయింది. తానే ఫోన్ చేసిన మనిషి సగం నమ్మిన మనిషి. ఈమధ్య ఈమెయిల్‌లో వచ్చే దొంగ రసీదులు కూడా ఇదే సూత్రం మీద నడుస్తాయి: ‘మీ నార్టన్ యాంటీవైరస్ చందా 399 డాలర్లకు పునరుద్ధరించాం, వద్దనుకుంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని ఉంటుంది. నొక్కడానికి లింకు ఉండదు, నంబరే ఉంటుంది.

అమెరికాలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఇలాంటి పేజీలను వేల సంఖ్యలో ప్రోగ్రాముతో సేకరించి, తామే బాధితుల్లా నటిస్తూ 60 మంది మోసగాళ్లతో ఫోన్‌లో మాట్లాడారు. వారు అడిగిన సొమ్ము సగటున 290 డాలర్లు. ఇప్పుడు ఆ అంకె చిన్నదిగా కనిపిస్తుంది. అమెరికాలో ఎఫ్‌బీఐకి అందిన ఫిర్యాదుల ప్రకారం కంప్యూటర్ బాగుచేస్తామంటూ చేసే ఈ ‘టెక్ సపోర్ట్’ మోసాల్లో పోయిన సొమ్ము 2023లో సుమారు 92 కోట్ల డాలర్లు, 2024లో 146 కోట్ల డాలర్లు. ఫిర్యాదుల సంఖ్య ఏడాదికి నలభై వేల లోపే ఉంది కాబట్టి, ఒక్కొక్కరి దగ్గర ఎంత లాగుతున్నారో పాఠకులే లెక్క వేసుకోవచ్చు. దోపిడీ మూడు వందల డాలర్ల దగ్గర ఆగడం లేదు. ఎందుకు ఆగడం లేదో తెలియాలంటే ఫోన్ ఎత్తిన తర్వాత ఏం జరుగుతుందో చూడాలి.

మా వీధిలో ఒక విశ్రాంత లెక్కల మాస్టారు ఉన్నారు. తెర మీద హెచ్చరిక చూసి ఫోన్ చేశారు, అవతలివారు చెప్పినట్టు కంప్యూటర్‌ను వారి చేతికి ఇచ్చారు, డబ్బు అడిగేసరికి అనుమానం వచ్చి ఫోన్ పెట్టేశారు. నేను వెళ్లేసరికి ఆయన నోట్‌బుక్‌లో తప్పుల జాబితా రాసుకుని కూర్చున్నారు.

“బాబూ, వాడు దొంగే కావచ్చు. కానీ తప్పులున్న మాట నిజం. నా కళ్లతో చూశాను, వందల్లో ఉన్నాయి,” అన్నారు.

“ఎక్కడ చూపించాడు మాస్టారూ?”

“ఈవెంట్ వ్యూయర్ అట. ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు.”

నా ల్యాప్‌టాప్ తెరిచి అదే ఈవెంట్ వ్యూయర్ చూపించాను. దానిలో ఆయన కంప్యూటర్‌లో కంటే ఎక్కువ ఎర్ర గుర్తులు ఉన్నాయి. విండోస్ తన లోపల జరిగే ప్రతి చిన్న విషయాన్నీ అక్కడ రాసుకుంటుంది. తెర వెనుక నడిచే ఒక ప్రోగ్రాము రెండు క్షణాలు ఆలస్యంగా మొదలైనా, ప్రింటర్ దొరక్కపోయినా అది ‘ఎర్రర్’ కింద నమోదవుతుంది. నిక్షేపంగా ఉన్న కంప్యూటర్‌లోనూ అలాంటివి వందలు ఉంటాయి. నేను ఎంత చెప్పినా కలగని నమ్మకం రెండు తెరలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాక మాస్టారికి కలిగింది.

ఇలాంటి ప్రదర్శనలు మరికొన్ని ఉన్నాయి, అన్నీ విండోస్‌లో మొదటినుంచి ఉన్నవాటితో చేసే గారడీయే. కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీ తెరిచి ‘అసోక్’ అని టైపు చేయిస్తారు. వచ్చే పొడవాటి జాబితా చివర్లో 888డీసీఏ60 అని మొదలయ్యే ఒక సంఖ్య కనిపిస్తుంది. ‘మా దగ్గర మీ కంప్యూటర్‌కు రిజిస్టరైన సంఖ్య ఇదేనండీ, కావాలంటే సరిచూసుకోండి’ అని ముందే చదివి వినిపిస్తారు. సరిపోతుంది, ఎందుకంటే విండోస్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ ఆ సంఖ్య ఒక్కటే. ‘నెట్‌స్టాట్’ అని టైపు చేయించి, ‘ఫారిన్ అడ్రస్’ అన్న శీర్షిక కింద ఉన్నవాటిని విదేశీ దొంగలని చెబుతారు. అక్కడ ఆ మాటకు అర్థం అవతలి కంప్యూటర్ అని మాత్రమే. మీ బ్రౌజర్ తెరిచిన వార్తాపత్రిక వెబ్‌సైటు కూడా ఆ జాబితాలో ఉంటుంది. తెర వెనుక నడిచే ప్రోగ్రాముల ‘సర్వీసెస్’ జాబితాలో కొన్ని ఆగి ఉండటాన్ని చూపించి వైరస్ ఆపేసిందంటారు; అవసరం లేనప్పుడు అవి ఆగి ఉండాల్సిందే.

ఈ తరహా ప్రదర్శన వీధి మోసగాళ్లకే పరిమితం కాలేదు. అమెరికాలో ఆఫీస్ డిపో అనే పెద్ద దుకాణాల సంస్థ ‘పీసీ హెల్త్ చెక్’ పేరుతో ఉచిత పరీక్ష చేసేది. పరీక్షకు ముందు ‘మీ కంప్యూటర్ నెమ్మదించిందా, వైరస్ హెచ్చరికలు వస్తున్నాయా, తరచూ ఆగిపోతోందా, పాప్-అప్‌లు వస్తున్నాయా’ అన్న నాలుగు ప్రశ్నల్లో దేనికైనా అవునంటే చాలు, పరీక్ష ఫలితంలో వైరస్ లక్షణాలు కనిపించాయని వచ్చేది. 2019లో ఆ సంస్థ, దానికి ఆ ప్రోగ్రాము ఇచ్చిన సంస్థ కలిసి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 3.5 కోట్ల డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకున్నాయి. అసలైన యాంటీవైరస్ సంస్థలు కూడా గడువు దగ్గరపడగానే ఎర్రరంగు హెచ్చరికలతో హడలెత్తించి పునరుద్ధరణ అమ్ముకుంటాయి. ఎర్రరంగు చూడగానే డబ్బు కట్టే అలవాటు జనానికి కొంత వీళ్లే నేర్పారని నా ఫిర్యాదు.

ప్రదర్శన కంటే ముందే జరిగే అసలు ప్రమాదం, కంప్యూటర్‌ను అవతలి మనిషి చేతికి ఇవ్వడం. దూరం నుంచి (రిమోట్‌లో) మరొకరి కంప్యూటర్‌ను నడపడానికి వాడే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, అల్ట్రావ్యూయర్ వంటివి చెడ్డ ప్రోగ్రాములు కావు. నేను కార్యాలయంలో రోజూ వాడేవే. ఫోన్‌లో ఉన్న మనిషి చెప్పినట్టు వీటిలో ఒకదాన్ని ఎక్కించి, తెర మీద వచ్చిన సంఖ్య చదివి చెప్పి, ‘యాక్సెప్ట్’ నొక్కితే మన కీబోర్డు, మౌస్ అతడివే. ‘ఓటీపీ ఎవరికీ చెప్పకండి’ అని బ్యాంకులు చేసే ప్రచారం ఇక్కడ పనికిరాకపోవడానికి కారణం ఇదే: ఫోన్‌లోనే ఎక్కించి ఉంటే ఇతడు ఓటీపీ అడగడు, తెర మీద తానే చూస్తాడు. మన దేశంలో ఇది ఫోన్‌లోనూ జరుగుతుంది. ఎనీడెస్క్ ద్వారా ఫోన్‌లోకి చొరబడి యూపీఐ లావాదేవీలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది.

ఇక మూడు వందలు ముప్పై వేలయ్యే మలుపు. కొన్ని వారాల తర్వాత అదే ముఠా మళ్లీ ఫోన్ చేసి, కంపెనీ మూతపడుతోంది, మీరు కట్టిన 300 డాలర్లు వాపసు ఇస్తామంటుంది. రిమోట్‌లో ఉండగానే బ్యాంకు ఖాతా తెరవమంటారు. తెరను క్షణకాలం నల్లగా చేసి, మన పొదుపు ఖాతాలోని సొమ్మునే మన కరెంటు ఖాతాలోకి మారుస్తారు. లేదా బ్రౌజర్‌లో పేజీని సవరించే సదుపాయంతో తెర మీది అంకెను మార్చేస్తారు. పేజీని మళ్లీ లోడ్ చేస్తే పాత అంకె వస్తుంది గానీ, ఆ వీలు ఇవ్వరు. చూసేసరికి 300కు బదులు 30,000 జమ అయినట్టు ఉంటుంది. ‘అయ్యో, రెండు సున్నాలు ఎక్కువ పడ్డాయి, నా ఉద్యోగం పోతుంది’ అని అవతలివాడు ఏడుస్తాడు. తీసుకున్నది తిరిగి ఇవ్వడం ధర్మమనుకునే మనిషి తన సొమ్మునే గిఫ్ట్ కార్డుల రూపంలో, బిట్‌కాయిన్ రూపంలో అతడికి పంపిస్తాడు. దీనికే బ్యాంకు అధికారి, ప్రభుత్వ అధికారి పాత్రలు కూడా తగిలించిన మూడు అంకాల మోసాన్ని ‘ఫాంటమ్ హ్యాకర్’ అని పిలుస్తూ ఎఫ్‌బీఐ 2023లో హెచ్చరిక జారీ చేసింది. ఏ సంస్థ గానీ, ఏ ప్రభుత్వం గానీ బాకీని గూగుల్ ప్లే కార్డుల్లో అడగదు. ఆ మాట వినిపించిన క్షణంలో ఫోన్ పెట్టేయవచ్చు.

తెలుగువారికి ఈ మోసంతో రెండు వైపులా సంబంధం ఉంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు, పాత సినిమా కోసమో క్రికెట్ ప్రసారం కోసమో ఉచిత సైట్లు వెతుకుతారు. నకిలీ హెచ్చరికలు ఎక్కువగా పొంచి ఉండేది ఆ సైట్ల ప్రకటనల్లోనే. పిల్లల కంప్యూటర్ పాడుచేశామన్న భయంతో వారికి చెప్పకుండా ఆ నంబరుకు ఫోన్ చేస్తారు. రెండోవైపు, ఫోన్ ఎత్తేవాడు మన ప్రాంతంలోనే ఉండవచ్చు. 2023 అక్టోబరులో సీబీఐ ‘ఆపరేషన్ చక్ర-2’ పేరిట దేశంలో 76 చోట్ల సోదాలు చేసినప్పుడు అందులో రెండు కేసులు మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఇచ్చిన ఫిర్యాదులతో నమోదైనవి. 2025లో హైదరాబాదు హైటెక్ సిటీలోనూ, అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోనూ అమెరికన్లను పెద్ద కంపెనీల పేరిట మోసగిస్తున్న కాల్ సెంటర్లను పోలీసులు పట్టుకున్నారు. ఇంగ్లిషు బాగా వస్తే చాలు, రాత్రి డ్యూటీ, మంచి జీతం అన్న ప్రకటన చూసి ఉద్యోగంలో చేరే డిగ్రీ పిల్లలు కొందరు చదవబోయే స్క్రిప్టు ఇదేనని వారి తల్లిదండ్రులకు తెలియడం అవసరం. కంప్యూటర్ ద్వారా మరొకరిలా నటించి మోసగించడం ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం, ‘నేను ఉద్యోగిని మాత్రమే’ అనడం దాన్ని మాఫీ చేయదు.

పొరపాటు జరిగిపోతే ఏం చేయాలన్నది ఎంతవరకు జరిగిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఫోన్ చేసి మాట్లాడి పెట్టేసి, కంప్యూటర్ ఇవ్వకపోతే నంబరును బ్లాక్ చేస్తే చాలు. ఆ తర్వాత మరిన్ని ఫోన్లు రావచ్చు గానీ నష్టం లేదు. కంప్యూటర్ వారి చేతికి ఇచ్చి ఉంటే వెంటనే ఇంటర్నెట్ తీసేయాలి, వైఫై రౌటర్ స్విచ్ ఆపితే సరి. ఆ తర్వాతి పనులన్నీ వేరే ఫోన్ నుంచి గానీ వేరే కంప్యూటర్ నుంచి గానీ చేయాలి. ముందు ఈమెయిల్ పాస్‌వర్డు మార్చాలి, ఎందుకంటే మిగతా ఖాతాలన్నింటి తాళాలూ దాని ద్వారానే మారతాయి, తర్వాత బ్యాంకువి. బ్రౌజర్‌లో సేవ్ చేసి ఉంచిన పాస్‌వర్డులన్నీ పోయినట్టే లెక్కగట్టడం మేలు. రిమోట్ ప్రోగ్రాము ఒక్కటి తీసేసి ఊరుకోకూడదు. తర్వాత ఎప్పుడైనా అనుమతి అడగకుండా లోపలికి రావడానికి వీలుగా రెండోది దాచి పెట్టడం వారికి అలవాటు. నేనైతే ఫొటోలు, పత్రాలు మాత్రం కాపీ చేసుకుని విండోస్‌ను మొదటినుంచి వేస్తాను. మాస్టారి కంప్యూటర్‌కు అదే చేశాను. మధ్యాహ్నం మొత్తం పట్టింది, ఆయన టీ ఇస్తూనే ఉన్నారు.

డబ్బు పోయి ఉంటే కంప్యూటర్ సంగతి తర్వాత. మన దేశంలో అయితే 1930కు ఫోన్ చేయాలి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. లావాదేవీ సంఖ్య, తేదీ, సమయం, బ్యాంకు పేరు దగ్గర పెట్టుకుంటే పని త్వరగా అవుతుంది. సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దూకుతూ పోయే లోపల దాన్ని ఎక్కడో ఒకచోట నిలిపివేయడమే ఆ వ్యవస్థ ఉద్దేశం కనుక గంటలు గడిచేకొద్దీ ఆశ తగ్గుతుంది. బ్యాంకుకు కూడా విడిగా చెప్పి, ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. రిజర్వ్ బ్యాంక్ 2017 జులైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారుడి అజాగ్రత్త వల్ల పోయిన సొమ్ము బ్యాంకుకు తెలియజేసేవరకు ఖాతాదారుడిదే, తెలియజేశాక పోయినది బ్యాంకుది. అమెరికాలో ఉన్నవారు కార్డు సంస్థకు ఫోన్ చేసి చెల్లింపును సవాలు చేయాలి. గిఫ్ట్ కార్డులు కొని ఉంటే కార్డు, రసీదు రెండూ పట్టుకుని ఆ కార్డు జారీ చేసిన సంస్థకు చెప్పాలి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు, ఎఫ్‌బీఐ నడిపే ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు కేంద్రం ఐసీ3కి ఫిర్యాదు చేయాలి. ఆ తర్వాత ‘పోయిన డబ్బు రాబట్టి ఇస్తాం, ముందు కొంత రుసుము కట్టండి’ అంటూ వచ్చేవారు కూడా ఆ ముఠావారే, లేదా వారి దగ్గర మీ నంబరు కొనుక్కున్నవారు.

ఇంట్లోవారికి ఒక మాట. తండ్రి వచ్చి ‘ఇలా జరిగిందిరా’ అని చెప్పినప్పుడు ‘చదువుకున్నవారై ఉండి ఎలా నమ్మారు నాన్నా’ అని మొదలుపెడితే, రెండోసారి జరిగినప్పుడు ఆయన చెప్పరు. చెప్పడానికి పట్టే ఆ రెండు రోజుల్లోనే సొమ్ము చేయి దాటిపోతుంది. మైక్రోసాఫ్ట్ 2021లో పదహారు దేశాల్లో జరిపించిన సర్వేలో ఈ మోసాల్లో డబ్బు పోగొట్టుకున్నవారిలో పడుచువారు కూడా గణనీయంగానే ఉన్నారు, కాబట్టి ఇది వయసుకు పరిమితమైన విషయమూ కాదు.

పెద్దవారి కంప్యూటర్‌ను ముందే కొంత సిద్ధం చేసి ఉంచవచ్చు. నేను వారికి అడ్మినిస్ట్రేటర్ అధికారం లేని మామూలు ఖాతా ఇస్తాను. అప్పుడు చాలా ప్రోగ్రాములు ఎక్కించాలంటే పాస్‌వర్డు అడుగుతుంది, అది నా దగ్గరో వారి పిల్లల దగ్గరో ఉంటుంది. ఎనీడెస్క్ వంటివి ఎక్కించకుండానే నడుస్తాయి కాబట్టి ఇది పూర్తి రక్షణ కాదు, అయినా కొంత అడ్డు. బ్రౌజర్‌లో ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్ వేస్తాను, నోటిఫికేషన్లు అడిగే వీలును మొత్తంగా ఆపేస్తాను. క్రోమ్‌లో ‘ఎన్‌హాన్స్‌డ్ ప్రొటెక్షన్’ ఆన్ చేస్తాను; 2025 నుంచి ఇది ఇలాంటి పేజీలను కంప్యూటర్‌లోనే ఉన్న చిన్న ఏఐ నమూనాతో పసిగట్టే ప్రయత్నం చేస్తోంది. మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జ్‌లో ‘స్కేర్‌వేర్ బ్లాకర్’ కూడా అలాంటిదే, అది సెట్టింగుల్లో ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. చివరగా ఎస్కేప్ కీని ఎలా నొక్కి పట్టుకోవాలో వారి చేతనే ఒకసారి చేయించి చూస్తాను. యూట్యూబ్ వీడియోను పూర్తి తెరకు పెట్టి, దాన్నుంచి బయటికి రమ్మంటే సరిపోతుంది.